కట్ట దాటని మోటారు

పుట 211. శుద్ధ షష్ఠి, సాయంత్రం.

వాతావరణం: తేలిక గాలి. ప్రయాణికులు: ఒకరు. మిగిలిన బ్యాటరీ చార్జి: సగానికి తక్కువ. లోపం: ఈ గడికి జలావాస మండలివారు ఇచ్చిన చోటు నా రెండు వేళ్ళ వెడల్పు. పదకొండేళ్ళుగా, నీళ్ళ పైకి మిగిలిన మా ఏడు డాబాల ఉమ్మడి పడవకు వచ్చిన లోపాలన్నీ ఆ రెండు వేళ్ళలోనే ఇరికించాను. ఇవాళ్టిది ఇరకదు. గడులు దాటి అడ్డంగా రాస్తున్నాను. చదివే అధికారికి ఇబ్బందైతే ఇబ్బంది పడవలసిందే. అసలు ఈ పుస్తకాన్ని ఎవరైనా చదువుతున్న దాఖలా నాకు ఇంతవరకూ కనబడలేదు.

జరిగింది ఇది. పేరంటాలుకు మెరక మీది ఆసుపత్రిలో రక్తం కడిగించి వెనక్కి తీసుకొస్తున్నాను. పేరంటాలు నాలుగో డాబా మనిషి. నలభై ఒకటో ఏడు. ఇనప తీగతో పీతల బుట్టలు అల్లుతుంది. రెండు మూత్రపిండాలూ మూడేళ్ళ కిందట పని మానేశాయి కాబట్టి మూడు రోజులకోసారి మిషను మీద పడుకోవాలి. మిషను మెరక మీద ఉంది. మేం నీళ్ళలో ఉన్నాం. మధ్యలో మునిగిపోయిన పాత కట్ట ఉంది.

పోయిన నెల దాకా ఆ కట్టకు గండి ఉండేది. మోటారును ముట్టుకోకుండా ఆ గండిలోంచి వచ్చేవాళ్ళం, పోయేవాళ్ళం. మండలివారు నాలుగు బార్జీల రాళ్ళు తెచ్చి దాన్ని పూడ్చారు. ఎందుకయ్యా అంటే 'కట్ట పునరుద్ధరణ'. ఏ ఊరిని కాపాడటానికి కట్టిన కట్టో ఆ ఊరు ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళ కింద ఉంది. ఊరు పోయినా కట్ట నిలబడాలని పట్టుదల! శిలాఫలకం కూడా వేశారు. అది కూడా నీళ్ళలోనే ఉంది, చేపలు చదువుకుంటున్నాయి.

గండి పోయాక కట్ట మీదుగానే దాటాలి. పున్నమి, అమావాస్య పోట్లకు అక్కడ నడుం లోతు ఉంటుంది, బాధ లేదు. ఆరేడు తిథులు గడిస్తే మోకాలి లోతే. పడవకు జానెడు చాలు గానీ వెనక వేలాడే మోటారు కాలికి రెండడుగుల పైన కావాలి. అందుకే మోటారుకు ఒక లివరు పెట్టారు. అది లాగితే కాలు నీళ్ళలోంచి పైకి లేస్తుంది. గెడ వేసుకుంటూ దాటి, అవతల దించుకోవాలి.

లాగాను. లేవలేదు. రెండు చేతులతో లాగాను. పడవ ఊగింది గానీ మోటారు కదల్లేదు. చివరికి నేను నీళ్ళలోకి దిగి, వెనకనుంచి భుజం పెట్టి, పోటు నిండుగా ఉన్న ఆ కాసేపట్లో కట్ట మీది మట్టిని మోటారు కాలితో దున్నుకుంటూ దాటించాను. గంటన్నర పట్టింది. పేరంటాలు ముందు కూర్చుని, "అక్కా, వరి నాటేద్దామేంటి, ఎలాగూ దున్నేశావు కదా," అంది.

మళ్ళీ ఆమె వెళ్ళవలసింది నవమినాడు. నవమికి కట్ట మీద ఒక్క అడుగు కూడా ఉండదు. మళ్ళీ నీళ్ళు పెరిగేది త్రయోదశికి. చుట్టూ తిరిగి సముద్రపు మొగ వైపునుంచి వెళ్దామంటే ఎనిమిది గంటల దారి, చార్జి అయిదు గంటలకు మించి రాదు. లెక్క ఇంతే. నవమిలోపు ఈ కాలు లేవాలి. లేవకపోతే పేరంటాలు ఏడు రోజులు మిషను లేకుండా ఉండాలి. ఉండలేదు.

పుట 212. సప్తమి, ఉదయం.

మోటారు నెత్తిన మండలివారు ఒక మాట్లాడే పెట్టె బిగించారు. దానికి చెప్పుకోకుండా మోటారును ముట్టుకోవడం నేరం. చెప్పుకున్నాను. సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నమస్కారం. మీ మోటారు ఆరోగ్యంగా ఉంది."

"లేదు. కాలు పైకి లేవడం లేదు."

"అర్థమైంది. కాలు పైకి లేపడానికి లివరును మీ వైపు లాగండి."

"లాగాను. రాలేదు."

"అర్థమైంది. మరికొంచెం లాగండి."

"ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది."

"అర్థమైంది. మీ ఫిర్యాదు నమోదైంది. మా నిపుణుడు యాభై రెండో రోజున మీ డాబాకు వస్తారు. అంతవరకూ సీలు భద్రంగా ఉంచండి. సీలు తీగ తెగితే మోటారు శాశ్వతంగా ఆగిపోతుంది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం."

పక్కనే మెట్ల మీద పేరంటాలు బుట్ట అల్లుకుంటోంది. "యాభై రెండో రోజంటే నా మాసికం కూడా అయిపోద్ది కదక్కా. ఆ వచ్చేటాయనకి ఇంత భోజనం పెట్టమని మా తోడికోడలికి చెప్పి పోతాలే."

నవ్వాలో, ఆ పెట్టెను పీకి నీళ్ళలో పారేయాలో తోచలేదు. 'అర్థమైంది' అనే మాటను ఇంత అసహ్యంగా మార్చిన ఘనత ఈ మండలిది. ఒక్క ముక్కా అర్థం చేసుకోకుండా మూడుసార్లు అర్థమైందనే యంత్రాన్ని తయారుచేశారు. బహుశా దాన్ని తమ అధికారులను చూసే నేర్పించి ఉంటారు.

ఆరో డాబా మీద జక్రయ్య ఉన్నాడు. అరవై దాటిన మనిషి. హార్బరు షెడ్డులో ముప్ఫై ఏళ్ళు మోటార్లు విప్పి బిగించాడు. మండలి వచ్చాక, కార్డు ఉన్న నిపుణుడు తప్ప ఎవరూ మోటారు తాకకూడదన్నారు. ఈయనకు కార్డు రాలేదు. పరీక్ష మెరక భాషలో పెట్టారు, ఈయన విద్యంతా చేతుల్లో ఉంది. ఇప్పుడు పొయ్యిలు బాగుచేసుకుంటున్నాడు. వెళ్ళి పిలుచుకొచ్చాను.

"తాకకూడదు కదండీ పంతులమ్మగారూ," అన్నాడు పడవలోకి దిగుతూ. (నేను బడి మూసేసి పద్నాలుగేళ్ళయినా వీళ్ళకు పంతులమ్మనే.) "సూత్తానంతే. సూత్తే తప్పు లేదు కదండీ?"

చూడటం అంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకోవాలి. ముందుగా, పడవను వెనక్కి నడిపేటప్పుడు మోటారును కిందికి పట్టి ఉంచే కొక్కేన్ని వేలితో ఆడించాడు. అది వదిలే ఉంది. "జబ్బు ఇక్కడ కాదండి." తర్వాత పానాతో టకటక కొట్టి, చెవి ఆనించి విన్నాడు. మోటారు ఒక అడ్డ గొట్టం మీద తలుపు బందులాగా తిరుగుతుంది. గొట్టం ఇనుము. దాన్ని పట్టుకున్న బ్రాకెట్టు అల్యూమినియం. రెంటి మధ్యకూ ఉప్పునీరు చేరితే తెల్లటి పొడి పుట్టి ఉబ్బుతుంది, బిగుసుకుపోతుంది.

"గొట్టం పట్టేసిందండి. దీన్ని ఎప్పుడూ లేపరా మీరు?"

లేపం. లేపకూడదు. సర్క్యులర్ నంబరు ముప్ఫై ఒకటి: రేవులో ఉన్న మోటారు కాలు ఎల్లవేళలా నీళ్ళలోనే ఉండాలి. కాలిలో జాడ చెప్పే బిళ్ళ ఉందట, తడిలోనే పలుకుతుందట. మేమెక్కడున్నామో మండలికి తెలియడం కోసం పదకొండేళ్ళు ఇనుమును ఉప్పులో ఊరేశాం.

"మరి గ్రీజు ఎక్కించే నిప్పిల్ ఏదండీ?"

ఇద్దరం వెతికాం. జక్రయ్య చాకు మొనతో రంగు గీకడం మొదలుపెట్టాడు. ఏటా మండలి దినోత్సవానికి మా వాళ్ళు మోటారును కడిగి, బొట్టు పెట్టి, మండలి నీలం రంగు పూస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ బలవంతపెట్టరు. భక్తి! పెచ్చు కింద పెచ్చు, పది నీలం పొరలు లేచాయి. వాటి కింద చింతగింజంత నిప్పిల్ కళ్ళు మూసుకుని ఉంది. పదింటి పైనా ఇంకో పొర ఉంది. అది ఎరుపు.

ఎరుపు నాది. పోయిన దినోత్సవం మర్నాడే పంతం పట్టి, ఆ బ్రాకెట్టు మీదే 'ఇది ప్రజల పడవ' అని పెద్ద అక్షరాలతో రాశాను. నినాదం బాగుంది. దాని కింద ఏముందో చూడలేదు. గ్రీజు పట్టవలసిన నోటిని మండలి భక్తులు పదిసార్లు మూస్తే పదకొండోసారి మూసింది నేను. నా తప్పు నా చేత్తోనే రాస్తున్నాను. అధికారులారా, మీరు మీ చేత్తో రాసుకున్న తప్పు ఒక్కటి చూపించండి, ఈ పుట చింపేస్తాను.

"గొట్టానికి రెండు పక్కలా ఉన్న నట్లు ఇప్పాలండి," అన్నాడు జక్రయ్య. "ఇప్పితే ఒదులుద్ది. కానీ..."

కానీ ఆ రెండు నట్లలోంచే దూరి ఉంది మండలి సీలు తీగ.

పుట 213. అష్టమి, ఉదయం.

రెండో డాబా మీద సభ. అధ్యక్షుడు విశ్వంభరంగారు. ఈయన అధ్యక్షుడెలా అయ్యాడంటే, మండలి సర్క్యులర్లను తడబడకుండా పైకి చదవగలడు. అంతకు మించిన అర్హత నాకు తెలిసి లేదు.

"పంతులమ్మగారూ, ఆవేశం వద్దండి. సర్క్యులర్ తొంభై నాలుగు వినండి. 'సీలు తీగ తెగిన మరుక్షణం మోటారు శాశ్వతంగా నిలిచిపోవును. పడవ జప్తు చేయబడును.' జప్తండి! ఒక్క మనిషి కోసం ఏడు డాబాల పడవ పోగొట్టుకోమంటారా?"

"ఆ ఒక్క మనిషిని దాటించలేని పడవ ఏడు డాబాలకూ ఎందుకండీ? మీ సర్క్యులర్లు మోసుకు రావడానికా?"

"అలా మాటలతో గెలవకండి. తెడ్డు పడవలో పంపుదాం. నలుగురు కుర్రాళ్ళను కూర్చోబెడతాను, నా సొంత పూచీ."

"పోయినేడు మోటారుకు చార్జి లేదని సింహాద్రిని అలాగే పంపారు. పదిహేను గంటలు. ఆయన చేరేసరికి మిషను అవసరం తీరిపోయింది. శవాన్ని కూడా తెడ్డు పడవలోనే తెచ్చారు, మీ పూచీ మీదే."

సభ గొణిగింది. సింహాద్రి భార్య అక్కడే కూర్చుని ఉంది, తల ఎత్తలేదు. ఆ మాట ఆమె ముందు అనకుండా ఉండవలసింది. కానీ ఎక్కడ అనాలి? ఈ డాబాల మీద పోయినవాళ్ళ ఇల్లు కాని చోటు ఏది?

గంటసేపు మాట్లాడాను. నియమం మనిషికోసమా, మనిషి నియమంకోసమా అన్నాను. మునిగిన కట్టకు రాళ్ళు పోసేవాళ్ళు మనకు బతకడం నేర్పిస్తారా అన్నాను. మనల్ని నీళ్ళలో వదిలేసి మెరకెక్కినవాళ్ళ తీగ ముక్కకు దణ్ణం పెట్టే బతుకు మీకు సిగ్గనిపించడం లేదా అన్నాను. బాగా మాట్లాడాననే అనుకుంటున్నాను. ఒకరిద్దరు తలలూపారు కూడా.

తర్వాత డాబాకొక చెయ్యి చొప్పున ఓటు. తీగ తెంపాలని మూడు చేతులు, వద్దని నాలుగు. ఓడిపోయాను. చేతులెత్తే పద్ధతి ఈ డాబాల మీదికి తెచ్చిందే నేను. అంతకుముందు విశ్వంభరంగారు దగ్గితే అదే తీర్మానం. కాబట్టి ఏడవకూడదు. ఏడవలేదు, తిట్టాను.

నేను తిడుతూండగానే కింద రేవులోంచి 'టిక్కు' అని వినిపించింది. కాసేపటికి ఇంకో 'టిక్కు'.

అందరం పిట్టగోడ దగ్గరకు పరిగెత్తాం. పేరంటాలు పడవ వెనకభాగంలో కూర్చుని ఉంది. కాళ్ళు అప్పటికే వాచాయి, మెట్లు ఎక్కలేక సభకు రాలేదు. ఆమె చేతిలో పీతల బుట్టల తీగ కత్తిరించే కటింగ్ ప్లయర్ ఉంది. సీలు తీగ రెండు పక్కలా తెగి వేలాడుతోంది.

"పేరంటాలూ! ఏం చేశావే!" విశ్వంభరంగారి గొంతు కీచుగా వచ్చింది. "తీర్మానం అయిపోయింది! వద్దని నాలుగు చేతులు!"

"నా ప్రాణం మీద చేతులెత్తారు కదండీ ప్రెసిడెంటుగారూ, నన్నడిగారా? నేనూ ఎత్తాను." ప్లయర్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి చూపించింది. "ఇప్పుడు నాలుగూ నాలుగూ సమానం. మళ్ళీ లెక్కెట్టుకోండి."

ఎవరూ లెక్కపెట్టలేదు. అందరి చూపూ మోటారు మీదే. విశ్వంభరంగారు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు పెట్టె పలికింది.

"నమస్కారం. సీలు భద్రంగా ఉంది. మండలి నిబంధనలు పాటిస్తున్నందుకు ధన్యవాదాలు."

నేను దిగి మీట నొక్కాను. మోటారు మామూలుగా తిరిగింది. ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ తిరిగింది. జక్రయ్య తెగిన తీగ కొసను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "వట్టి ఇనప తీగండి. దీన్లో కరెంటూ లేదు, గిరెంటూ లేదు. బుట్టలకి వాడే తీగే ఇది."

"నా తీగ ఇంకా మందం బాబాయ్," అంది పేరంటాలు.

పదకొండేళ్ళు! ఏడు డాబాల జనం, నేనూ కలిపి, పీతను కూడా ఆపలేని తీగకు భయపడ్డాం. మండలివాళ్ళు ఇందులో యంత్రం పెట్టే శ్రమ కూడా తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటారు? మిగతాది మనమే చేసిపెడతామని వాళ్ళకు తెలుసు. నేను గంట మాట్లాడి చేయించలేని పనిని ఆమె రెండు టిక్కులతో చేసింది. ఈ సంగతి నాకు నచ్చకపోయినా రాస్తున్నాను.

పుట 214. అష్టమి, మధ్యాహ్నం నుంచి పొద్దువాలే దాకా.

తీగ తెగింది గానీ కాలు లేవలేదు. సీలు మోసమే, తుప్పు మాత్రం నిజం.

జక్రయ్య రెండు నట్లూ విప్పాడు. నిప్పిల్ ఊడదీసి ఆ రంధ్రంలోంచి కిరసనాయిలూ గేరు ఆయిలూ కలిపి పోశాడు. ఒక్క చుక్క లోపలికి పోలేదు. బ్లో ల్యాంపు తెచ్చి బ్రాకెట్టును వేడిచేశాడు, పోశాడు, చల్లారనిచ్చాడు, మళ్ళీ వేడిచేశాడు. చెక్క ముక్క అడ్డంపెట్టి సుత్తితో చిన్నగా కొట్టాడు. నేను గట్టిగా కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండి. ఇది సత్తు. ఇనుమైతే వంగుద్ది, ఇది వంగదు, ఇరిగిపోద్ది. ఇరిగితే అతుకు పడదండి. మోటారు మొత్తం నీళ్ళలోకే. ఉపన్యాసం కాదు కదండీ, గట్టిగా కొడితే పనవ్వడానికి."

పడ్డాను. పడవలసిందే.

నాలుగోసారి వేడిచేశాక నూనె కొంచెం దిగింది. గొట్టం అంచున తెల్లటి పొడి ముద్దలా ఉబ్బి బయటకు వచ్చింది. "నానాలండి," అన్నాడు. "రెండ్రోజులు నానితే దానంతటదే వత్తాది."

పేరంటాలుకు రెండ్రోజులు లేవు. ఆమె పడుకోలేకపోతోంది, పడుకుంటే ఊపిరి అందదు. గోడకు ఆనుకుని కూర్చుని నోరు తెరిచి గాలి పీలుస్తోంది. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళే తాగాలి. చుట్టూ కనుచూపుమేరా నీళ్ళుండగా తడిగుడ్డతో పెదాలు తుడుచుకుంటోంది.

జక్రయ్య అప్పుడు ఇంకో దారి చెప్పాడు. మా రేవు వెనక పాత కరెంటు స్తంభం ఒకటి నీళ్ళలోంచి తల ఎత్తి ఉంది. మోటారు కాలి మెడకు మోకు కట్టి ఆ స్తంభానికి బిగించాలి. పోటు దిగి, నీళ్ళు వెనక్కి లాగే పాటు మొదలవగానే పడవను వదిలేయాలి. పాటు పడవను ముందుకు లాగుతుంది, మోకు కాలిని వెనక్కి పట్టుకుంటుంది. సుత్తి దెబ్బలాగా కాకుండా మెల్లగా, ఒకే తీరున పడుతుంది బలం.

మూడు గంటలకు పాటు మొదలైంది. మోకు బిగిసింది. పడవ గుంజింది, అంతే. "అష్టమి పాటుకి బలం ఉండదండి," అన్నాడు జక్రయ్య. "మనుషులు కావాలి."

వద్దని చెయ్యెత్తినవాళ్ళూ, తెంపమన్నవాళ్ళూ పిట్టగోడల మీద వరసగా నిలబడి చూస్తున్నారు. ముందు దిగింది సింహాద్రి భార్య. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మెడలోతు నీళ్ళలో పడవ ముందు కట్టిన తాడు పట్టుకుంది. ఆమె వెనక ఇద్దరు, ఆ వెనక ఆరుగురు. విశ్వంభరంగారు సర్క్యులర్ల కట్ట తిరగేసి తిరగేసి చూశాడు.

"సీలు తెంపరాదని ఉంది. విప్పరాదని ఉంది," అన్నాడు చివరికి. "తాడు లాగరాదని మాత్రం ఎక్కడా లేదండి." అని చొక్కా విప్పి, మడతపెట్టి, కాగితాల మీద బరువుగా పెట్టి నీళ్ళలోకి దిగాడు. ఆయన మనసు ఏపాటిదో నాకు తెలుసు గానీ, మనిషి తొంభై కిలోలు ఉంటాడు. ఆ సమయానికి మాకు కావలసింది కిలోలే.

జక్రయ్య పడవ వెనక బోర్లా పడుకుని బ్రాకెట్టుకు చెవి ఆనించాడు. "లాగండి... లాగండి... ఆగండాగండి!" లోపల ఏదో కిర్రుమంది. ఆయన మొహం తెల్లబోయింది. "ఏది కదిలిందో తెలీట్లేదండి. గొట్టం వదులుతుందో, బ్రాకెట్టు చీలుతుందో. రెండూ ఇలాగే అరుత్తాయి."

అందరూ నా వైపు చూశారు. విరిగితే రేపటి ఆశ కూడా ఉండదు. ఆపితే రేపు ఉంటుంది గానీ అందులో పేరంటాలు ఉండదు.

పేరంటాలు పడవలోనే ఉంది, దిగనంది. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ అంది: "బాబాయ్, నీ చెవి ఏమంటుంది?"

"గొట్టమే అనిపిస్తుందమ్మాయ్. ఒట్టేసి చెప్పలేను."

"నీ ఒట్టెవడిక్కావాలి. చెవి చాలు. లాగండి."

లాగాం. మోకు నీళ్ళు కక్కింది. పాదాల కింద స్లాబు మీది పాచి జారుతోంది. విశ్వంభరంగారు ఏదో దేవుణ్ణి పిలుస్తున్నాడు, నేను మండలిని తిడుతున్నాను, రెంటికీ లయ ఒకటే కుదిరింది. తర్వాత పెద్ద చప్పుడేమీ రాలేదు. ముసలివాడు మూలిగినట్టు ఒక మూలుగు వచ్చింది. బ్రాకెట్టు సందులోంచి ఎర్రటి తుప్పునీళ్ళు కారాయి. మోటారు కాలు బొటనవేలంత లేచింది.

"ఇక లాగద్దండి! వదలండి! దించండి!" జక్రయ్య అరుస్తూనే ఏడుస్తున్నాడు. "ఎత్తడం కాదండి, ఆడించాలి!" బొటనవేలంత పైకి, కిందికి, నూనె. జానెడు పైకి, కిందికి, నూనె. నలభైసార్లు లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. పొద్దువాలేసరికి నిప్పిల్‌లోంచి ఎక్కించిన గ్రీజు గొట్టం రెండో చివర నల్లగా, తర్వాత గోధుమరంగుగా, చివరికి పసుపుపచ్చగా శుభ్రంగా వచ్చింది. ఎర్ర రంగు, నీలం రంగు మొత్తం గీకేశాం. కింద లోహం బయటపడింది.

పుట 215. నవమి.

మధ్యాహ్నం పోటు నిండే వేళకు కట్ట చేరాం. అడుగు తక్కువ నీళ్ళు, కింద గడ్డిపరకలు కూడా కనిపిస్తున్నాయి. మోటారు ఆపాను, లివరు లాగాను. కాలు లేచి నిలబడింది, నీళ్ళు కారుస్తూ. జక్రయ్యా నేనూ చెరో పక్క గెడ వేశాం. పడవ అడుగు ఒక్కచోట గీరుకుంది, దాటింది. పేరంటాలుకు చూసే ఓపిక లేదు. నా చీర కొంగు పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది, వేళ్ళు మాత్రం వదల్లేదు.

మెరక రేవులో మండలి గుమాస్తా తన బల్ల దగ్గరనుంచి లేవకుండానే అరిచాడు. "సీలు?"

నేను నోరు తెరిచేలోపు పెట్టె పలికింది. "సీలు భద్రంగా ఉంది."

ఆయన టిక్కు పెట్టుకున్నాడు. అడుగు దూరంలో తీగ కొసలు రెండూ గాలికి ఊగుతున్నాయి. తల ఎత్తలేదు. నేను చెప్పాలనే అనుకున్నాను. నిలబెట్టి, ఆ బల్ల ముందే, పదకొండేళ్ళ లెక్కా తేల్చాలనుకున్నాను. కానీ చేతుల మీద పేరంటాలు ఉంది. మిషను ఖాళీగా ఉంది. తగువు ఈ పుటల్లోకి వాయిదా వేశాను. ఈ పుస్తకం మీ బల్ల మీదే పెడతాను. రాసినదంతా నిజం. మిగతా రేవులవాళ్ళు అడిగితే వాళ్ళకూ ఇదే చెబుతాను. తీగ ఉత్తది. నట్లు రెండు. ముందు రంగు గీకండి.

నాలుగు గంటలు మిషను మీద ఉంది. మూడున్నర లీటర్ల నీళ్ళు లాగారట ఒంట్లోంచి.

పుట 216. దశమి, సాయంత్రం పోటు.

తిరుగు ప్రయాణం. పేరంటాలు వెనక వైపు, నా పక్కన కూర్చుంది. వాపు దిగి మొహంలో మొహం కనబడుతోంది. జక్రయ్య ముందు పడుకుని నిద్రపోతున్నాడు. కట్ట చేరువకు రాగానే నేను మోటారు ఆపి లివరు మీద చెయ్యి వేశాను.

"ఆగక్కా. నేను లేపుతాను."

"బరువెత్తకూడదన్నారు నిన్ను."

"మిషను సూదులేసే చేత్తో ఎత్తకూడదన్నారు." గుడ్డ కట్టిన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "ఇది ఖాళీయేగా."

కుడిచేత్తో లాగింది. మోటారు కాలు చప్పుడు లేకుండా లేచింది.

"దీనికా, మీరంతా అంత కొట్టుకున్నారు?"

"దీనికే."

గెడ వేశాను. గడ్డి, రాళ్ళు, పాత రోడ్డు మీది తెల్ల గీత, ఒక్కొక్కటే కింద జరిగిపోయాయి. తర్వాత అడుగు కనబడటం మానేసింది. లోతు వచ్చేసింది, మోటారు దించుకోవచ్చు. పేరంటాలు లివరు మీదనుంచి చెయ్యి తియ్యలేదు. వేళ్ళు దాని చుట్టూ బిగించి, కాలినీ అందులోని జాడ బిళ్ళనూ అలాగే గాలిలో నిలబెట్టి కూర్చుంది. దించమని నేననలేదు. గెడకు నేల అందినంతదూరం గెడ వేశాను, అందనిచోట తెడ్డు తీశాను.